ఆకుపచ్చకూ ఎరుపుకూ మధ్య

2007 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఫాస్ట్ అనే సదస్సు జరిగింది. సమాచార నిల్వ మీద పనిచేసేవాళ్లు కలుసుకునే వేదిక అది. గూగుల్ ఇంజనీర్లు ఎడ్వార్డో పిన్యేరో, వోల్ఫ్ డీట్రిష్ వెబర్, లూయీస్ బరోసో అక్కడొక పత్రం సమర్పించారు. తమ సంస్థలో రాత్రింబవళ్లు తిరిగే లక్షకు పైగా హార్డ్ డిస్కులు ఎప్పుడు, ఎలా పాడవుతున్నాయో లెక్క తీసిన పత్రం అది. డిస్కు తన ఒంట్లో నలతను తానే చెప్పుకునేందుకు స్మార్ట్ అనే ఏర్పాటు అప్పటికి పదేళ్లకు పైగా వాడుకలో ఉంది. అయినా పాడైన డిస్కుల్లో 56 శాతం, స్మార్ట్‌లోని నాలుగు ముఖ్యమైన సూచికల్లో ఒక్కటీ కదలకుండానే పోయాయని ఆ ముగ్గురూ తేల్చారు. సగానికి పైగా డిస్కులు చెప్పాపెట్టకుండా పోయాయన్నమాట.

డిస్కు మాటను నమ్ముకోకూడదన్న సంగతి గూగుల్‌కు అప్పుడే తెలిసిందేమీ కాదు. సంజయ్ ఘెమావత్, హోవార్డ్ గోబియోఫ్, షున్ తక్ లియుంగ్ 2003లో ప్రచురించిన గూగుల్ ఫైల్ సిస్టమ్ పత్రం మొదలయ్యేదే ఆ ఎరుకతో. యంత్రం పాడవడం ఎప్పుడో జరిగే ప్రమాదం కాదు, రోజూ ఉండే వ్యవహారం అని ఒప్పుకుని దాన్ని కట్టారు. చవక యంత్రాలు వందల్లో, వేలల్లో. ప్రతి ముక్కకూ మూడు నకళ్లు. ఒకటి పోతే మిగిలినవాటి నుంచి ఇంకొకటి తయారు.

దాంతో ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. అన్ని యంత్రాలున్న చోట ఏ క్షణాన చూసినా ఏదో ఒకటి పాడైపోయే ఉంటుంది. అలాంటప్పుడు "అంతా బాగుందా?" అని అడిగితే అవును, కాదు అనే రెండు జవాబులూ అబద్ధాలే అవుతాయి. "బాగాలేదు, కానీ మీ సమాచారానికి ఢోకా లేదు" అనే మూడో జవాబొకటి కావాలి. ఆ మూడో జవాబులో ఏం చేర్చాలి, ఏం వదిలెయ్యాలి, ఎంత గట్టిగా చెప్పాలి అన్నది తేల్చుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ తర్జనభర్జన అంతా అందరికీ కనబడేలా సాగిన చోటు సెఫ్ అనే నిల్వ వ్యవస్థ.

సెఫ్ పుట్టింది శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. సేజ్ వైల్ అనే విద్యార్థి పీహెచ్‌డీ పని అది. లారెన్స్ లివర్‌మోర్, శాండియా, లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలు ఆ పరిశోధనకు డబ్బిచ్చాయి. వాటి సూపర్ కంప్యూటర్లు గుమ్మరించే సమాచారాన్ని పట్టే గిడ్డంగి వాటికి అవసరం. వైల్ అప్పటికే వ్యాపారం చూసినవాడు. 1997లో తోటి విద్యార్థులతో కలిసి డ్రీమ్‌హోస్ట్ అనే వెబ్ హోస్టింగ్ కంపెనీ పెట్టాడు. 2006 నవంబరులో సియాటిల్‌లో జరిగిన ఓఎస్‌డీఐ సదస్సులో సెఫ్ పత్రం వెలువడింది. 2010లో దాన్ని వాడుకునే యంత్రాల్లో ఉండే క్లయింటు భాగం లినక్స్ కెర్నల్‌లో చేరింది. 2012 జులైలో ఆర్గొనాట్ పేరుతో తొలి స్థిరమైన విడుదల వచ్చింది. ఆ ఏడే ఇంక్‌ట్యాంక్ అనే కంపెనీ దీనికోసం ఏర్పడింది, 2014లో రెడ్ హ్యాట్ దాన్ని 17.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆర్గొనాట్ నుంచి ఇప్పటిదాకా విడుదలల పేర్లు ఇంగ్లిష్ అక్షరక్రమంలో నడుస్తున్నాయి, చాలామటుకు ఆక్టోపస్, స్క్విడ్‌ల బంధువుల పేర్లే.

హెచ్చరికలు అర్థం కావాలంటే లోపలి కాపురం కొంచెం తెలియాలి. తెలుగు పత్రికలు చదివేవారికి ఓఎస్‌డీ అంటే మంత్రి పేషీలో కూర్చునే అధికారి. సెఫ్‌లో మాత్రం ఒక్కో డిస్కును చూసుకునే చిన్న ప్రోగ్రాము పేరది. కలిసి పనిచేసే సర్వర్ల గుంపును క్లస్టర్ అంటారు. క్లస్టర్‌లో అవి పదుల నుంచి వేల దాకా ఉంటాయి. వీటిలో ఎవరు బతికున్నారు, ఎవరు లేరు అన్న పటాన్ని భద్రపరిచేవి మానిటర్లు, సాధారణంగా మూడో ఐదో. వాటిలో సగానికి మించి ఒకే మాట మీద ఉంటేనే పటం చెల్లుతుంది. సమాచారాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ప్లేస్‌మెంట్ గ్రూపులనే మూటలుగా కట్టి, ఏ మూట ఏ డిస్కుల మీద ఉండాలో క్రష్ అనే సూత్రం లెక్కగడుతుంది. ఏది ఎక్కడుందో రాసిపెట్టుకునే పెద్ద చిట్టా ఎక్కడా ఉండదు, ఎవరికి వారు లెక్కగట్టుకోవలసిందే.

బతికున్నదీ లేనిదీ తేల్చే పద్ధతి కూడా చూడదగ్గదే. ఓఎస్‌డీలు కొన్ని సెకన్లకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. 20 సెకన్లపాటు పలకకపోతే పక్క ఓఎస్‌డీ మానిటర్‌కు ఫిర్యాదు చేస్తుంది. ఒక్కరి మాట చాలదు, కనీసం ఇద్దరి సాక్ష్యం కావాలి. అప్పుడే మానిటర్ దాన్ని "డౌన్" అని రాసుకుంటుంది. కానీ "డౌన్" వేరు, "అవుట్" వేరు. తలుపు తట్టినా పలకనివాడు ఊరెళ్లి ఉండొచ్చు, ఇల్లే ఖాళీ చేసి ఉండొచ్చు. ఖాళీ చేశాడని తీర్మానించేదాకా అతని వాటా ఇంకొకరికి పంచరు. ఆ గడువు ఒకప్పుడు 300 సెకన్లు, తర్వాత 600కి పెంచారు. సర్వర్ ఒకసారి ఆగి మళ్లీ లేవడానికే ఐదు నిమిషాలు దాటిపోయే రోజులొచ్చాక, పాత గడువుతో టెరాబైట్ల కొద్దీ సమాచారం ఊరికే అటూ ఇటూ పరుగులు తీసేది.

ఈ గడువు నడుస్తున్న పది నిమిషాలే మూడో జవాబుకు అసలైన చోటు. ఒక నకలు తగ్గింది, మిగిలిన రెండూ ఉన్నాయి, చదవడం రాయడం సాగుతున్నాయి. సెఫ్‌ను పలకరిస్తే మూడే మాటల్లో ఒకటి వస్తుంది: హెల్త్ ఓకే, హెల్త్ వార్న్, హెల్త్ ఎర్. తెర మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. సమాచారాన్ని వెతికిపెట్టే ఎలాస్టిక్‌సెర్చ్ కూడా ఇవే మూడు రంగులు ఎంచుకుంది. ఒక్కటే సర్వర్‌తో దాన్ని మొదలుపెట్టినవారు ఏ తప్పూ చేయకుండానే పసుపు చూసి హడలిపోతుంటారు. రెండో నకలు పెట్టడానికి రెండో సర్వర్ లేదని మాత్రమే దాని ఫిర్యాదు.

సెఫ్ తొలి విడుదలల్లో ఆ పసుపు మాట ఒక్క పొడుగాటి వాక్యం. ఇన్ని మూటలు తగ్గాయి, మూడింటిలో ఒక ఓఎస్‌డీ లేదు, ఫలానా మానిటర్ గడియారం తప్పింది అని సెమికోలన్లు పెట్టుకుంటూ అన్నీ ఒకే వరసలో వచ్చేవి. ప్రాణం మీదికొచ్చిన సంగతీ, రేపు చూసుకుందామనుకునే సంగతీ పక్కపక్కనే. క్లస్టర్‌ను వరసగా గమనించాలంటే ఇంకో ఆదేశం ఉండేది. అది మూటల లెక్కను దాదాపు సెకనుకొకసారి తెర మీద పోసేది. ఆ వరదలో అసలు కబురు కొట్టుకుపోయేది.

వాటిలో గడియారం ఫిర్యాదు చాలామందికి నవ్వు తెప్పించేది. మానిటర్ల గడియారాల మధ్య తేడా 0.05 సెకన్లు దాటితే చాలు, పసుపు వెలిగేది. రెప్పపాటు కన్నా తక్కువ తేడాకు ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. కానీ మానిటర్లు ఒక మాట మీదికి రావడానికి వాడే ప్యాక్సోస్ పద్ధతిలో ఒకరికొకరు కొద్ది సెకన్ల గడువున్న హామీలు ఇచ్చుకుంటారు. గడియారాలు కలవకపోతే ఒకరి హామీ ఇంకొకరి దృష్టిలో మురిగిపోతుంది, ఎన్నికలు మళ్లీ మళ్లీ జరుగుతాయి, పటం మారడం ఆగుతుంది. సర్వర్లన్నిటికీ ఒకే సమయం అందించే ఎన్‌టీపీ సరిగా నడిస్తే ఈ హెచ్చరిక కనబడనే కనబడదు. అందుకే తొలినాళ్ల అడ్మిన్లు కొత్త క్లస్టర్ కట్టగానే మొదట చూసేది గడియారాలనే.

2014 అక్టోబరులో వచ్చిన జెయింట్ విడుదల ఒక చిన్న మార్పు చేసింది. చూడ్డానికి చిన్నదే గాని ఈ కథలో అదొక మలుపు. అంతకుముందు నకళ్లు తగ్గినా, నకళ్లన్నీ ఉండి చోటు మాత్రం మారాల్సి ఉన్నా, రెండింటినీ "డిగ్రేడెడ్" అనే చెప్పేది. కొత్తగా నాలుగు డిస్కులు చేర్చిన రోజున క్రష్ సూత్రం మూటల్ని కొత్తచోట్లకు లెక్కగడుతుంది కదా, తెర మీద మాత్రం లక్షల ముక్కలు దెబ్బతిన్నాయన్నట్టు కనబడేది. బలం పెంచుదామని డిస్కులు చేర్చినవాడు గుండె పట్టుకోవలసి వచ్చేది. జెయింట్ ఆ రెండింటినీ విడదీసింది. నకలు తగ్గితే "డిగ్రేడెడ్", చోటు తప్పితే "మిస్‌ప్లేస్డ్". తర్వాతి విడుదలల్లో చోటు తప్పినదాన్ని అసలు హెచ్చరికగానే లెక్కించడం మానేశారు. ఏది ఆపద కాదో గుర్తించడం సెఫ్‌కు అలా మొదలైంది.

అదే 2014లో దానికి సరిగ్గా ఎదురు తిరిగిన ఉదాహరణ కూడా ఉంది. క్రష్ సూత్రంలో పాత లోపాల్ని దిద్ది కొత్త కొలతలు తయారుచేశారు. ఫైర్‌ఫ్లై విడుదలకు మారిన పాత క్లస్టర్లన్నీ "మీ కొలతలు పాతవి" అంటూ పసుపులోకి దిగాయి. సరే, కొలతలు మారుద్దామంటే ఒక్క ఆదేశంతో క్లస్టర్‌లోని సమాచారంలో పెద్ద భాగం చోట్లు మారుతుంది, వినియోగదారుల పని నెమ్మదిస్తుంది. పాత కెర్నల్ క్లయింట్లు కొత్త కొలతల్ని అర్థం చేసుకోలేక అసలు కలవనే కలవవు. రోగం కన్నా మందు భారం. చాలామంది మానిటర్ల కాన్ఫిగరేషన్‌లో ఒక వరస చేర్చి ఆ హెచ్చరికను ఆపేశారు, వాళ్లను తప్పుపట్టలేం. విడుదల పత్రంలో సలహాగా ఉండాల్సిన మాటను ఆరోగ్య నివేదికలో పెడితే జరిగేది ఇదే: నెలల తరబడి పసుపు చూసిన కన్ను, అదే పసుపులో నిజంగా ఒక డిస్కు పోయినా పట్టించుకోదు.

పట్టించుకోకపోతే ఖరీదు ఎక్కువగా ఉండే హెచ్చరిక నిండిపోతున్న డిస్కుది. 85 శాతం దాటితే "నియర్‌ఫుల్", పసుపు. 90 దాటితే ఆ డిస్కు మీదికి కోలుకునే పనిలోని మూటల్ని పంపడం ఆపేస్తారు. 95 దాటితే ఎరుపు, రాతలు బంద్. ఇక్కడ కొత్త అడ్మిన్లను బోల్తా కొట్టించేది సగటు. మొత్తం క్లస్టర్ 70 శాతమే నిండిందని డాష్‌బోర్డ్ చూపిస్తుంటుంది. కానీ క్రష్ పంపకం పాచికలేసినట్టు ఉంటుంది, ఏదో ఒక డిస్కు వాటాకు మించి మోస్తుంటుంది. ఆ ఒక్క డిస్కు 95 దాటితే దాని మీద మూటలున్న పూల్స్ అనే విభాగాలన్నిటికీ రాతలు ఆగిపోతాయి. మిగతా డిస్కుల్లో టెరాబైట్ల ఖాళీ ఉండి ఏం లాభం? ఆ మొదటి 85 శాతం పసుపు చెబుతున్నది "స్థలం అయిపోతోంది" అని మాత్రమే కాదు. ఇప్పుడొక సర్వర్ మొత్తంగా పోతే, దాని వాటాను మోయడానికి మిగిలినవారి దగ్గర చోటుందా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. మూడు సర్వర్లే ఉన్న చిన్న క్లస్టర్‌లో ఆ ప్రశ్న ఇంకో తీరు: మూడు నకళ్లూ మూడు వేర్వేరు సర్వర్లలో ఉండాలన్నది నియమమైతే, ఒకటి పోయాక మూడో నకలుకు వెళ్లే చోటే లేదు. ఆ సర్వర్ తిరిగొచ్చేదాకా పసుపు పోదు, ఎన్ని గంటలు ఎదురుచూసినా అంతే.

ఎరుపు చూసి తొందరపడి చేసిన పని పసుపును పట్టించుకోకపోవడం కన్నా ఎక్కువ చేటు చేసిన సందర్భం కూడా సెఫ్ చరిత్రలో ఉంది. డిస్కు మీద ఎవరూ ముట్టుకోని సమాచారం కూడా ఏళ్ల మీద చెడుతుంది. దాన్ని పట్టుకోవడానికి సెఫ్ రోజూ పైపైన, వారానికోసారి లోతుగా, ప్రతి మూటలోని నకళ్లను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తుంది. దీన్ని స్క్రబ్ అంటారు. నకళ్లు కలవకపోతే ఎరుపు వెలుగుతుంది. మూట "ఇన్‌కన్సిస్టెంట్". దానికొక రిపేర్ ఆదేశం సిద్ధంగా ఉండేది. తీరా చూస్తే, తొలి విడుదలల్లో ఆ రిపేర్ చాలా సందర్భాల్లో చేసేదల్లా మొదటి నకలును నిజమని నమ్మి మిగతావాటి మీద రాసెయ్యడం. చెడింది మొదటిదే అయితే? మంచి నకళ్లు రెండూ పోయి చెడ్డదే మూడుచోట్లా నిలిచేది. అప్పటి అనుభవజ్ఞులు రిపేర్ జోలికి పోయేముందు సర్వర్లలోకి దిగి, ఫైళ్లు వెతికి, మూడు నకళ్లనూ తామే పోల్చుకునేవారు.

2016 నాటి జెవెల్ విడుదలలో ఏ నకలు ఎలా తేడాగా ఉందో చూపించే ఆదేశం వచ్చింది. మరుసటి ఏడు లుమినస్‌లో బ్లూస్టోర్ అనే కొత్త నిల్వ పద్ధతి వాడుక పద్ధతి అయ్యాక, ప్రతి ముక్కకూ దాని చెక్‌సమ్, అంటే సరిచూసుకునే సంఖ్య, తోడుగా ఉండటం మొదలైంది. ఇక ఏది చెడిందో ఓట్లు వేసి తేల్చాల్సిన పనిలేదు, చెడిన నకలు చదివేటప్పుడే దొరికిపోతుంది.

2017 ఆగస్టులో వచ్చిన ఆ లుమినస్సే హెచ్చరికల చరిత్రను రెండుగా చీల్చింది. అంతవరకూ వాక్యంగా ఉన్నది జాబితాగా మారింది. ప్రతి హెచ్చరికకూ మారని పేరొకటి వచ్చింది: ఓఎస్‌డీ డౌన్, మాన్ క్లాక్ స్క్యూ, పీజీ డిగ్రేడెడ్, పూల్ నియర్‌ఫుల్. దాని తీవ్రత వేరుగా, చిన్న వివరణ వేరుగా, పూర్తి వివరం ఇంకో ఆదేశంలో. ప్రతి పేరు కిందా అది ఎందుకు వస్తుంది, ఏం చేయాలి అన్నది డాక్యుమెంటేషన్‌లో రాసిపెట్టారు. హెచ్చరిక ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తొలగిందో క్లస్టర్ లాగ్‌లోకి ఎక్కింది. సెకనుకొకసారి కురిసే లెక్కల వర్షం ఆగింది. అంతకుముందు స్క్రిప్టులు రాసుకుని ఆ పొడుగాటి వాక్యంలోంచి మాటల్ని ఏరుకున్నవాళ్లందరి శ్రమ వృథా అయింది. వాళ్లలో ఎక్కువమంది దానికి సంతోషించే ఉంటారు.

పేరు పెట్టడం సులువైతే పేర్లు పెరుగుతాయి. ప్రతి పూల్ ఏ పనికో చెప్పలేదని లుమినసే ఒక కొత్త ఫిర్యాదు మోసుకొచ్చింది. నాటిలస్ (2019) వచ్చాక, ఏదైనా ప్రోగ్రాము కూలిపోయి మళ్లీ తనంతట తానే లేచినా, చూశామని అడ్మిన్ నమోదు చేసేదాకా రెండు వారాలపాటు గుర్తుచేసే హెచ్చరిక చేరింది. డిస్కుల స్మార్ట్ లెక్కలు సేకరించి, ఏది త్వరలో పోవచ్చో అంచనా వేసే భాగం కూడా ఆ విడుదలలోనే వచ్చింది. 56 శాతం కథ తెలిసినవారు దాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోగలరు. మనిషి తానే కావాలని చేసినదానికి కూడా సెఫ్ పసుపు చూపిస్తుంది. మరమ్మతు కోసం సర్వర్ ఆపేముందు, దాని డిస్కుల్ని "అవుట్"గా తీర్మానించొద్దని "నోఅవుట్" అనే జెండా ఎత్తుతారు. జెండా ఎత్తినంతసేపూ హెల్త్ వార్నే. కొందరికిది చిరాకు. అయితే మరమ్మతు ముగిశాక ఆ జెండా దింపడం మరిచి ఇంటికెళ్లిపోతే, ఆ తర్వాత నిజంగా పోయిన డిస్కు వాటా ఎవరికీ అందదు, నకలు తగ్గినట్టే ఉండిపోతుంది. అందువల్ల ఆ చిరాకు పసుపుకు తగిన కారణమే ఉంది.

ఇన్ని ఫిర్యాదుల మధ్య మనిషికి కాస్త విరామం కావాలని సెఫ్ ఒప్పుకున్నది 2020 నాటి ఆక్టోపస్ విడుదలలో. ఫలానా హెచ్చరికను ఇన్ని గంటలపాటు వినిపించొద్దని చెప్పే మ్యూట్ ఆదేశం అప్పుడొచ్చింది. ఫైర్‌ఫ్లై రోజుల్లో కాన్ఫిగరేషన్ మార్చి నోరు నొక్కినదానికీ దీనికీ ఒక తేడా ఉంది. ఒక ఓఎస్‌డీ లేదన్న కబురును మ్యూట్ చేశారనుకుందాం, ఆ గంటల్లో రెండోది కూడా పోతే మ్యూట్ దానంతటదే తెగిపోతుంది. వినొద్దనుకున్నది మొదటి కబురునే గాని రెండోదాన్ని కాదని యంత్రానికి తెలుసు.

హెచ్చరికను ఎలా అందుకోవాలన్నదానికి మరుసటి ఏడాదే పరీక్ష వచ్చింది. 2021 ఏప్రిల్‌లో, క్లయింట్లు తమ గుర్తింపు సంఖ్యను తిరిగి పొందే పద్ధతిలో ఒక భద్రతా లోపం బయటపడింది. దిద్దిన విడుదలలకు మారగానే క్లస్టర్లు రెండు కొత్త హెచ్చరికలు చూపాయి: పాత పద్ధతి వాడుతున్న క్లయింట్లు ఉన్నాయని ఒకటి, ఆ పద్ధతిని మానిటర్లు ఇంకా అనుమతిస్తున్నాయని ఇంకొకటి. ఇక్కడ వరస ముఖ్యం. ముందు క్లయింట్లన్నిటినీ కొత్తవి చేసి, మొదటి హెచ్చరిక పోయాకే రెండోదాని పని పట్టాలి. పసుపు పోగొట్టాలన్న ఆత్రంతో ముందే అనుమతి తీసేస్తే పాత క్లయింట్లన్నీ క్లస్టర్‌కు దూరమవుతాయి, వాటిమీద నడిచే వర్చువల్ మెషీన్లతో సహా. హెచ్చరికను తీసివేయడం ఒక పని, హెచ్చరికకు కారణమైనదాన్ని తీసివేయడం మరో పని.

వరస తెలిసినా, పేర్లన్నీ కంఠతా వచ్చినా చాలని రోజులుంటాయి. స్విట్జర్లాండ్‌లోని కణభౌతిక ప్రయోగశాల సెర్న్ సెఫ్‌ను 2013 నుంచీ వాడుతోంది. 2015లో 30 పెటాబైట్ల క్లస్టర్ మీద 7,200 ఓఎస్‌డీలు నడిపి, సెఫ్ ఎక్కడ ఆయాసపడుతుందో పరీక్షించి చూసిన చోటు అది. 2020 ఫిబ్రవరిలో అక్కడి క్లౌడ్‌కు డిస్కులు అందించే క్లస్టర్‌లో వందల ఓఎస్‌డీలు ఒక్కసారిగా కూలిపోయాయి. లేపితే మళ్లీ కూలాయి. ఆరోగ్య నివేదిక తన పని తాను చేసింది: ఓఎస్‌డీలు లేవు, మూటలు పలకడం లేదు, పనులు నిలిచిపోయాయి. అందులో ప్రతి మాటా నిజమే. ఎందుకు అన్నదానికి మాత్రం ఒక్క ముక్కా లేదు. ఇంజనీర్లు కూలిన ప్రోగ్రాముల ఆనవాళ్లు తవ్వితే, క్లస్టర్ పటం నకలే డిస్కు మీద చెడిపోయి ఉంది. మంచి పటంతో పోల్చి చూస్తే తేడా కొద్ది బిట్లే. హార్డ్‌వేర్ లోపమైతే అంతమంది ఓఎస్‌డీల దగ్గర ఒకేలా చెడదు. చివరికి దారి ఎల్‌జెడ్4 అనే కంప్రెషన్ లైబ్రరీ దగ్గరికి చేరింది. మెమరీలో తునకలుగా ఉన్న సమాచారాన్ని దాని పాత వెర్షన్ కుదించేటప్పుడు అరుదుగా తప్పు చేస్తోంది. చెక్‌సమ్ లెక్కించేది కుదించిన తర్వాత కనుక బ్లూస్టోర్‌కు ఏ అనుమానమూ రాలేదు. కంప్రెషన్ ఆపేశారు, మానిటర్ల దగ్గరున్న మంచి పటాన్ని తీసుకుని కూలిన ఓఎస్‌డీల్లోకి ఒక్కొక్కదానిలోకీ ఎక్కించారు, అవి లేచాయి. కుదించడానికి ముందు ఆ తునకల్ని ఒకచోట చేర్చే దిద్దుబాటు తర్వాత సెఫ్‌లోకి వచ్చింది.